కాగితం రెండో వైపు

మంగళవారం పొద్దున పదిన్నరకి మా ప్రింటింగు మిషను తెర మీద మా బావ పేరు కనిపించింది.

మాది ఇళ్ళు కేటాయించే ఆఫీసు. ఇల్లు లేనివాళ్ళు ఫారం నింపి ఇస్తారు. పై ఆఫీసులో ఎవరో దాన్ని కంప్యూటర్లో చూసి ఇల్లు ఇవ్వాలో వద్దో తేలుస్తారు. తేల్చిన ముక్క ఉత్తరంగా మా మిషనుకి వస్తుంది. నేను ప్రింటు తీసి, మడిచి, కవరులో పెట్టి పంపిస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఎవరి కొంప నిలబడిందో ఎవరిది మునిగిందో అందరికంటే ముందు తెలుసుకోగలిగేవాణ్ణి నేనే గానీ, ఎప్పుడూ చదవను. చదివితే మడత పెట్టడానికి చెయ్యి ఆడదు.

ఆ రోజు చదివాను. "రెండవ పేజీ జతపరచనందున దరఖాస్తు అసంపూర్ణము. పరిశీలనకు స్వీకరించబడలేదు."

గాడిద గుడ్డు! జతపరచలేదట. ఆ ఫారం నా మిషనులో, నా చేతుల మీదుగా బయటికొచ్చింది. రెండో పేజీని బావ తన ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాడు. దాని కింద డాక్టరు సంతకం, ముద్ర పడేదాకా మా అక్క ఆస్పత్రి వరండాలో మూడు గంటలు నిలబడింది. తీసుకొచ్చి ఆఫీసు పెట్టెలో వేసింది నేను. వెయ్యబోయేముందు వెనక్కి తిప్పి మరీ చూసుకున్నాను.

వెనక్కి తిప్పి. ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఎందుకో వెంటనే తెలియలేదు గానీ, ఎక్కడో ఏదో తగలబడుతోందని మాత్రం తెలిసింది.

ముందు బావ సంగతి చెప్పాలి. ఆయన ఒక పెద్ద ప్రెస్సులో ఇరవై ఆరేళ్ళు ఆఫ్‌సెట్ మిషను నడిపాడు. నాకీ పని నేర్పింది ఆయనే. కాగితాన్ని బొటనవేలితో రాసి ఎంత మందమో చెప్పేసేవాడు. కాగితం దగ్గర మాత్రం పరమ పిసినారి. ప్రెస్సులో చెడిపోయిన ప్రింట్లన్నీ ఇంటికి మోసుకొచ్చి, వెనకవైపు తెల్లగా ఉన్నవి ఏరి పుస్తకాలు కుట్టేవాడు. పెళ్ళికి ముందు ఆయన రాసిన మొదటి ఉత్తరం వెనక సబ్బు బొమ్మ ఉందని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది. దానికి ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "మనిషికి రెండు మొహాలుంటే తప్పు, కాగితానికి ఒక్కటే ఉంటే తప్పు."

ఆరేళ్ళ కిందట ప్రెస్సు గోడౌనులో కాగితం దొంతర జారి ఆయన నడుం మీద పడింది. కాళ్ళు పోయాయి. ఆ కాగితం ఖాళీదా అచ్చయిందా అని ఆస్పత్రిలో నన్నడిగాడు. నేను ఏడుస్తుంటే నవ్వించడానికి అడిగాడని అక్క అంటుంది. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడని నా అనుమానం.

వాళ్ళుండేది నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. మెట్లు అరవై ఎనిమిది. చక్రాల కుర్చీని కింద, మెట్ల కింది చీకట్లో, గొలుసేసి ఉంచుతారు. ఏడాదికి రెండుసార్లు ఆస్పత్రికి దింపుతాం. మామూలు కుర్చీలో కూర్చోబెట్టి, ముందు కాళ్ళు నేను, వెనక కాళ్ళు పక్కింటాయన పట్టుకుంటాం. రెండో అంతస్తు మలుపు దగ్గర మా ఇద్దరికీ ఊపిరి అందదు. బావ అక్కడ తప్పకుండా ఏదో ఒక జోకు వేస్తాడు. వేసి, గోడవైపు చూస్తాడు. ఏడాదిలో మిగతా మూడు వందల అరవై మూడు రోజులు ఆయనకి కిటికీయే లోకం.

ఆయనకి కావలసింది ఒక్కటే. నేల మీద ఇల్లు. తలుపు తీసుకుని, కుర్చీ తోసుకుని, ఎవరి భుజమూ అడగకుండా తనంతట తాను వీధిలోకి వెళ్ళాలి. మా ఆఫీసు కొత్తగా కట్టించిన ఇళ్ళలో కింద అంతస్తువి ఇలాంటివాళ్ళకే ఉంచారు. ఆ సంగతి తెలిసిన రోజునుంచి గడప ఎత్తెంత, తలుపు వెడల్పెంత అని నన్ను కొలతలకి పరిగెత్తించాడు. పాత క్యాలెండరు కాగితం తిప్పి, వెనకవైపు ఆ ఇంటి ప్లాను గీసి, మంచం ఎదురుగా గోడకి అంటించాడు. వీధి గుమ్మం దగ్గర చిన్న కుర్చీ బొమ్మ వేశాడు. ఆ కుర్చీ మొహం వీధివైపు.

ఇక మా ఆఫీసు ఆకుల కథ.

రెండేళ్ళ కిందట పై ఆఫీసునుంచి ఒకావిడ వచ్చింది. కాగితం వాడకం తగ్గించడం ఆవిడ పని. చొక్కాకి ఆకు బొమ్మ బిళ్ళ పెట్టుకునేది, అందుకని మేం ఆకు మేడం అనేవాళ్ళం. రాగానే మా మిషను పక్కన ఉన్న బుట్టలో చెయ్యి పెట్టి, ఒక్క అక్షరం కూడా ఎవరూ చదవకుండా పారేసిన కాగితాలు బయటికి తీసి, నేల మీద పరిచింది. గది నిండిపోయింది. ఒకరోజు చెత్త అది. నాకు సిగ్గేసింది, సిగ్గేసింది కాబట్టి కోపమొచ్చింది. ఇంత కాలం కాగితం తిన్నది మేం కాదు, మీ పై ఆఫీసు రూల్సు అని అరిచాను. ఆవిడ నవ్వి, "అయితే మనిద్దరం కలిసి మారుద్దాం సార్" అంది.

సార్ అంది. ఆ గదిలో నన్నెవరూ సార్ అనలేదు అంతకు ముందు.

ఇంటికొచ్చి చెబితే బావ మంచంలోనే ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఇన్నాళ్ళకి ఒక బుద్ధిమంతురాలు దొరికింది, ఆవిడేం చెబితే అది చెయ్యి అన్నాడు. చేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, ఆకు మేడం ఒకటంటే నేను నాలుగు చేశాను. ప్రింటు పంపినవాడు వచ్చి కార్డు పెడితేనే కాగితం బయటికొచ్చేట్టు మార్చాం, పై ఆఫీసు ఉత్తరాలకైతే నా కార్డు. ఇరవై నాలుగు గంటల్లో ఎవరూ కార్డు పెట్టకపోతే అది దానంతటదే చెరిగిపోతుంది. అక్షరం సైజు తగ్గించాం. వాడేసిన కాగితాన్ని నీలం పెట్టెల్లో పోగేసి గుజ్జు చేసే చోటికి పంపాం. ఆరు నెలల్లో వాడకం సగానికి పడిపోయింది. ఆవిడ తన చొక్కాకున్న ఆకు తీసి నా చొక్కాకి పెట్టింది.

అప్పుడు ఫారాల వంతు వచ్చింది. ఇంటి ఫారం రెండు కాగితాలు, మూలన పిన్ను. ఒకే కాగితానికి రెండు వైపులా కొట్టొచ్చు కదా అన్నది నేను. ఆకు మేడం కాదు, నేను. బావ మాటే అది, నా నోట్లోంచి వచ్చింది. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. ఈ ఫారం మీ దగ్గర్నించి ఎక్కడెక్కడికి వెళ్తుంది, మార్చేముందు ఎవరెవరికి చెప్పాలి అని అడిగింది. "ఎక్కడికి పోతుంది, స్కానింగు గదికి. వాళ్ళకి నేను చెబుతాలెండి" అన్నాను.

చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో చెప్పడానికి నాకు ఇప్పుడు నోరు రావడం లేదు. స్కానింగు గది మా గది పక్కదే. నేను లెక్కపెట్టాను, పన్నెండు అడుగులు. అందులో ఉండే ఆవిడకీ నాకూ అప్పటికి ఏడాదిగా మాటల్లేవు. పిన్నుల మీద వచ్చింది గొడవ. నేను ఫారాలకి పిన్ను మరీ లోపలికి కొడుతున్నాననీ, పీకలేక గోళ్ళు ఊడుతున్నాయనీ, ఒకటి మిగిలిపోయి తన మిషను అద్దం గీసుకుపోయిందనీ అందరి ముందూ అరిచింది. నేనూరుకున్నానా? నీ మిషను కంటే నీ నోరే ఎక్కువ చప్పుడు చేస్తోందన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ ఏడ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని అక్క నాకు చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉంది, కుక్క తోక ఎక్కడైనా చక్కబడుతుందా? తర్వాత వరండాలో ఎదురైనా మొహం తిప్పుకునేవాళ్ళం. ఇక ఆవిడ గుమ్మం ఎక్కి ఫారం మారింది తల్లీ అని చెప్పడమా? ఆఫీసు మెయిల్లో అందరికీ ఒక ముక్క పడేసి చేతులు దులుపుకున్నాను. కాగితం కూడా ఆదా అయింది కదా.

మంగళవారం ఆ ఉత్తరం చదివాక, ఆ పన్నెండు అడుగులూ నడిచాను.

ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది. ఎవరైనా పోయారేమో అనుకుందట నా మొహం చూసి. ఫారాలు ఎలా స్కాన్ చేస్తున్నావో ఒకసారి చూపించమన్నాను. చూపించింది. దొంతర తీసుకుంది, అంచులు సమం చేసింది, మిషను నోట్లో పెట్టింది, మీట నొక్కింది. కాగితాలు గబగబా పోయాయి. నిమిషానికి అరవై. తెర మీద బొమ్మలు వచ్చాయి. పేరు, చిరునామా, ఇంట్లో ఎందరు. పేరు, చిరునామా, ఇంట్లో ఎందరు. అన్నీ మొదటి పేజీలే.

రెండు వైపులా తీసే గుర్తు ఆ తెర మీదే ఒక మూలన ఉంది. ఒక్క నొక్కు. ఆవిడకి దానితో ఏనాడూ పనిపడలేదు, ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా మా ఆఫీసులో కాగితం వెనక ఏదీ ఉండేది కాదు. రెండో పేజీ ఏదని ఆవిడకి అనుమానం కూడా రాలేదు, ఫారం కుదించారనుకుంది. మెయిలు చూసుకోలేదు. రోజుకి ఆరు వందల కాగితాలు మింగించే మనిషి మెయిలు ఎప్పుడు చూస్తుంది?

నేను ఒక ఫారం తీసి తిప్పి చూపించాను. ఆవిడ దాన్ని చదివి కుర్చీలో కూర్చుంది.

"పిన్నులు రావడం మానేశాయి," అంది. "నా మాట విని మానేశావనుకున్నాను. పోనీలే, మనసులో పెట్టుకోలేదు అనుకున్నాను. నీకోసారి థాంక్స్ చెబుదామని కూడా..."

ఆవిడ తిడుతుందని తయారై వెళ్ళాను, ఆ మాటకి మాత్రం తయారుగా లేను.

ఇద్దరం కూర్చుని వెనక్కి వెళ్ళి లెక్క చూశాం. నాలుగు నెలల ఫారాలు, మూడు వందల పన్నెండు. చాలామందికి రెండో పేజీలో రాయడానికేమీ ఉండదు. అడ్డగీత కొట్టి సంతకం పెడతారు, మొదటి పేజీలో జబ్బుందా అన్నచోట లేదని ఉన్న వాళ్ళవి పై ఆఫీసువాళ్ళు చూసీ చూడనట్టు వదిలేశారు. అక్కడ ఉందని పెట్టి రెండో పేజీలో రాసుకునేది జబ్బులవాళ్ళు, ఒంట్లో లోపం ఉన్నవాళ్ళు. కింద ఇల్లు కావాలని అడిగే గడి ఉన్నదీ రెండో పేజీలోనే. ఆ గడి లేకపోతే వాళ్ళు ఏమడుగుతున్నారో ఎవరికీ తెలియదు. అలా ఆగిపోయినవి నలభై ఒకటి. ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో సరిగ్గా వాళ్ళే, ఏరినట్టుగా.

ఆ రోజు వరసలో ముప్ఫై ఎనిమిది ఉత్తరాలున్నాయి. ముప్ఫై ఏడు ప్రింటు తీసి పంపాను. వాటిలో ఆరు బావదిలాంటివే. మడిచాను, అంటించాను. బావది ఒక్కటీ వదిలేశాను. కార్డు పెట్టకపోతే రేపు పొద్దున్నకి చెరిగిపోతుంది కదా. చెరిగిపోతే ఏమవుతుంది? ఏమీ కాదు, నాకు తెలుసు. అయినా వదిలేశాను. ఆ ఆరుగురికీ లేని బావమరిది ఈయనకి ఉన్నాడు కదా అనుకున్నాను. ఆ ఆలోచనకి ఇప్పటికీ నాకు అసహ్యంగా ఉంది.

బుధవారం పొద్దున అది చెరిగిపోయింది. పదకొండింటికి మళ్ళీ వచ్చింది. ప్రింటు కాలేదని తెలిస్తే పై ఆఫీసు కంప్యూటరు దానంతటదే తిరిగి పంపుతుంది. అంత తెలివి దానికి నేర్పినవాళ్ళు, కాగితం తిప్పి చూడమని ఎవరికీ నేర్పలేదు.

అసలు కాగితం దొరికితే చాలనుకున్నాను. స్కాన్ అయ్యాక ఫారాలు పద్నాలుగు రోజులు నీలం పెట్టెలో ఉంటాయి. తర్వాత బండి వచ్చి తీసుకెళ్తుంది. అంతకు ముందు ఏడేళ్ళు బీరువాల్లో ఉండేవి. అన్నేళ్ళు దుమ్ము తాగే బదులు మళ్ళీ కాగితం అవుతుంది కదా అని పద్నాలుగు రోజులకి కుదింపజేసిన మహానుభావుణ్ణి నేనే. సెలవు పెట్టి ఆ గుజ్జు చేసే చోటికి వెళ్ళాను. పెద్ద తొట్టి, అందులో బూడిదరంగు నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి. అక్కడున్న పనివాడు పాపం మర్యాదగానే మాట్లాడాడు. ఏ ఆఫీసు, ఏ నెల అని అడిగి, వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఆ కాగితం ఈపాటికి కోడిగుడ్ల అట్టలైపోయి ఉంటుంది అన్నా" అన్నాడు. నేను కదలకుండా నిలబడితే, ముఖ్యమైనదేమన్నా ఉందా అందులో అని అడిగాడు. డాక్టరు సంతకం ఉందన్నాను. డాక్టరు మళ్ళీ పెడతాడుగా అన్నాడు. నిజమే, పెడతాడు. కానీ ఆ సంతకం పడాల్సిన తారీఖు దాటిపోయింది.

గురువారం ఆకు మేడానికి ఫోను చేసి అంతా చెప్పాను. స్కానింగువాళ్ళకి చెబుతానన్నారు కదా సార్ అంది ఆవిడ, మెల్లగా. నింద వెయ్యడానికి కాదు, నమ్మలేక. చెప్పలేదమ్మా అన్నాను. ఆవిడ ఆ రోజంతా పై ఆఫీసులో గది గదికీ తిరిగిందట. సాయంత్రం ఫోను చేసి ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

మా ఆఫీసు పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే కాలరు పట్టుకునేవాణ్ణి. నన్ను కూర్చోమని, మంచినీళ్ళు ఇచ్చి, మొత్తం విన్నాడు. విని, తన తల రెండు చేతులతో పట్టుకున్నాడు. కింద అంతస్తు ఇళ్ళన్నీ ఇచ్చేశామన్నాడు. తాళాలు కూడా అందాయి. బావ కొలతలు తీయించిన ఇంట్లోకి, ఫారం మారకముందే దరఖాస్తు పెట్టుకున్న గుండె జబ్బు ముసలావిడ, మనవరాలితో సహా దిగిపోయింది. ఇప్పుడు ఆవిణ్ణి లేపి నాలుగో అంతస్తుకి పంపమంటావా అని అడిగాడు. ఆవిడ ఉత్తరం నేనే మడిచాను రెండు వారాల కిందట. ఆ కవరు మీద చిరునామా చీటీ వంకరగా పడితే తీసి తిన్నగా అంటించాను కూడా.

మళ్ళీ జాబితా ఎప్పుడంటే మూడేళ్ళకి అన్నాడు. జరిగిన పొరపాటు రాసిస్తాను, నా ఉద్యోగం తీసేసినా సరే, ఆ నలభై ఒక్కమందికీ న్యాయం చెయ్యండి అన్నాను. రాసివ్వు, కానీ కాగితం మీద తీసుకోవడానికి నాకు వీల్లేదు, మెయిలు పెట్టు అన్నాడు. రెండు వేళ్ళతో గంటన్నర కొట్టాను. స్కానింగావిడ పేరు రాయకుండా నా ఒక్కడి పేరే పెట్టాను. అర నిమిషంలో జవాబొచ్చింది. మీ విన్నపం అందినది, నలభై అయిదు పనిదినములలో పరిశీలించబడును. కింద ఆకుపచ్చ అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ మెయిలును ప్రింటు తీసేముందు ఒక్కసారి చెట్లను తలచుకోండి.

ఆ వాక్యం పెట్టించింది నేనే. చెట్లదేం తప్పు? ఆ వాక్యానిదీ తప్పు లేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, నేను ఎంత పంచి చూసినా చివరికి గుప్పెళ్ళన్నీ నా ఒళ్ళోనే పడుతున్నాయి.

ఈలోగా, గురువారం పదకొండింటికే, ఉత్తరం రెండోసారి చెరిగిపోయింది. శుక్రవారం పొద్దున మూడోసారి వచ్చింది. ఈసారి పై ఆఫీసునుంచి ఫోను కూడా వచ్చింది, మీ మిషను పాడైందా అని. బాగానే ఉందన్నాను. కార్డు పెట్టాను. మిషను ఒకసారి గుర్రుమని, బావ ఉత్తరం వెచ్చగా నా చేతిలో పెట్టింది. కవరులో పెట్టలేదు. చొక్కాకున్న ఆకు తీసి సొరుగులో వేసి, ఉత్తరం జేబులో పెట్టుకుని బయల్దేరాను.

అరవై ఎనిమిది మెట్లూ ఎక్కాను. అక్క తలుపు తీసి, ఏంట్రా ఆఫీసు మానేశావా అంది. నా మొహం చూసి పక్కకి తప్పుకుంది. బావ కిటికీ దగ్గర దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. పక్కన అలవాటు ప్రకారం వెనక ఖాళీగా ఉన్న కాగితాల దొంతర, దాని మీద పెన్సిలు. నన్ను చూసి, "రావయ్యా ఆకు దొరగారూ" అన్నాడు.

బతకకోరేవాడు బావమరిది అంటారు. మంచం అంచున కూర్చుని, నేను చేసిందంతా చెప్పాను. పిన్నుల గొడవతో మొదలుపెట్టి ఒక్కటీ దాచలేదు. ఆయన ఎదురుగా గోడ మీద ప్లాను ఉంది. దానివైపు చూడకుండా చెప్పడానికి చాలా కష్టపడ్డాను. వంటింటి గుమ్మంలో అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఆయన చెయ్యి చాపాడు. ఉత్తరం ఇచ్చాను. చదివాడు. తర్వాత కాగితం వెనక్కి తిప్పి చూశాడు. ఈ మొత్తం వ్యవహారంలో అలవాటుగా ఆ పని చేసింది ఆయనొక్కడే.

"ఎంతమందివి పోయాయి?"

"నలభై ఒకటి."

"అందరూ కింద ఇల్లు అడిగినవాళ్ళేనా?"

అందరూ అన్నాను. తిడతాడేమో అని చూశాను. తిడితే బాగుండును, చెంప మీద కొట్టినా బాగుండును. ఆయన ఉత్తరాన్ని తెల్లవైపు పైకి వచ్చేట్టు దొంతర మీద పెట్టి, అంచులు సమం చేశాడు. సమంగా ఉన్నవాటినే మళ్ళీ మళ్ళీ సమం చేశాడు. అక్క లోపలికి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు, దాని వెనక ఆవిడ ఏడుపు వినిపించాయి.

కుళాయి చప్పుడు ఆగాక, ఆ స్కానింగావిడ ఎలా ఉంది అని అడిగాడు. బాగాలేదన్నాను. రేపు పలకరించు అన్నాడు. అలాగే అన్నాను.

నేను లేచాను. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పిలిచాడు.

"ఒరేయ్, మూడేళ్ళకి మళ్ళీ ఫారాలిస్తారుగా. ఈసారి నాది ఒకవైపే కొట్టు. రెండు కాగితాలైతే అవనీ. వృథా అయినా పర్లేదు."

ఆ మాట ఆయన నోట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు. అలాగే బావా అన్నాను. వచ్చే ఏడాదినుంచి మా ఆఫీసులో కాగితం ఫారాలే ఉండవు, అంతా తెర మీదే, మిషను ఎత్తేస్తున్నారు, నన్ను ఎక్కడికో పంపేస్తున్నారు. ఆ సంగతి పోయిన నెలే చెప్పారు మాకు. ఆయనకి చెప్పకుండా మెట్లు దిగాను.